ఆ రోజు తప్పు నాదే: ఆన్‌లైన్ రేసింగ్‌లో ఓవర్‌టేక్ ఎట్ల చేయాల?

కోసిగి నుంచి మళ్లీ మీ ముందుకి వచ్చినా. బయట ఎండ దంచుతోంది. ఫ్యాన్ చప్పుడు మైక్‌లో వినబడితే కొంచెం సర్దుకోండి, అది ఆపితే ఈ గదిలో పది నిమిషాలు కూడా కూర్చోలేను.

కొత్తగా వచ్చినవాళ్లకి ఒక్క మాట. నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఊర్లోనే ఉండి వీడియోలు చేస్తున్నా. గేమ్‌లు, వాటి వెనక పనిచేసే టెక్నాలజీ గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు సబ్జెక్ట్ ఆన్‌లైన్ రేసింగ్ సిమ్యులేటర్లలో ఓవర్‌టేకింగ్. ఎప్పుడు దాటాల, ఎప్పుడు ఆగాల, తగిలితే ఏం చేయాల. దానికంటే ముందు నేను ఒకరికి సారీ చెప్పాల.

నాలుగు నెలల కిందట ఒక షార్ట్ పెట్టినా, మీలో చాలామంది చూసినారు. మోంజా ట్రాక్, రేసు మొదటి ల్యాప్, మొదటి మలుపు. నేను లోపలి వైపు నుంచి పోతున్నా, ముందున్న నీలం కారు నా మీదికి తిరిగింది, ఇద్దరమూ ట్రాక్ బయట పడ్డాం. దానికి నేను పెట్టిన టైటిల్ “అద్దం లేని డ్రైవర్”. నవ్వే ఎమోజీలు కూడా పెట్టినా. ఆ షార్ట్‌కి నా మామూలు వీడియోల కంటే ఎక్కువ వ్యూస్ వచ్చినాయి. కామెంట్లలో ఆ పిల్లోడిని ఎన్ని మాటలు అన్నారో మీకు తెలుసు. నేను ఒక్కటి కూడా డిలీట్ చేయలేదు.

ఆ నీలం కారు నడిపింది మా వైపు పిల్లోడే. పేరు చెప్పను. పగలంతా పని. రాత్రి పదకొండు తర్వాత గంటసేపు ఆడుకుంటాడు. పాత ల్యాప్‌టాప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్టీరింగ్. మా లీగ్‌లో వారానికి ఒక్క రేసు, అతనికి దొరికేది ఆ ఒక్క గంట. ఆ రోజు ఆ గంట మొదటి మలుపులోనే అయిపోయింది. మరుసటి రోజు నాకు ఒకే ఒక్క మెసేజ్ పెట్టినాడు: “అన్నా, ఆ రీప్లే నా కారు లోపల నుంచి ఒకసారి చూడన్నా.” నేను చూడలేదు. తర్వాత వారం అతను రేసుకి రాలేదు. ఆ తర్వాత లీగ్ గ్రూప్‌లో నుంచి వెళ్లిపోయినాడు.

పోయిన వారం హార్డ్ డిస్క్ నిండిపోయిందని పాత ఫైళ్లు తీసేస్తుంటే ఆ రీప్లే కనబడింది. ఈసారి కెమెరా మార్చి అతని సీట్లో కూర్చొని చూసినా. అతను బ్రేక్ వేసినప్పుడు నేను రెండు కార్ల దూరం వెనక ఉన్నా. అతను స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టినప్పుడు కూడా నా కారు ముక్కు అతని వెనక చక్రం దగ్గరికి రాలేదు. అతని స్క్రీన్ మీద నేను లేనే లేను. ఇంకో సంగతి, అక్కడ అతను లేకపోయినా నేను వచ్చిన వేగానికి ఆ మలుపు తిరగలేను, నేరుగా బయటికి పోయేవాడిని. నా కారుకి అతను అడ్డుగోడలా పనికొచ్చినాడు, అంతే.

కాబట్టి తప్పు నాదే. ఆ షార్ట్ కింద ఇప్పుడు అదే రాసినా, టైటిల్ మార్చినా, తిట్లు అన్నీ తీసేసినా. ఇంక ఈ ఎపిసోడ్ ఎందుకంటే, నేను చేసిన తప్పు రోజూ వేలమంది చేస్తున్నారు. చేసి, నాలాగే ఎదుటివాడిదే తప్పు అనుకుంటున్నారు.

ఎందుకు అట్ల అనుకుంటాం? మనం ఎక్కడ నేర్చుకున్నామో చూడండి. మనలో ఎక్కువమంది మొదట ఫోన్‌లో ఆడినోళ్లం. ఆస్ఫాల్ట్ లాంటి ఆటలో పక్క కారుని గుద్ది పడేస్తే నైట్రో వస్తుంది. గుద్దితే బహుమతి. అది ఆర్కేడ్ ఆట, దాని సరదా దానిది, నేనూ ఆడతా. రియల్ రేసింగ్ 3 ఇంకో రకంగా ఉండేది. అందులో ఒక రకం మల్టీప్లేయర్‌లో అవతలివాడు అంతకుముందు ఎప్పుడో నడిపిన ల్యాప్‌తో నువ్వు పోటీ పడేవాడివి. నువ్వు ఏం చేసినా అతని రేసు పాడయ్యేది కాదు.

మన ఊర్ల బండలాగుడు పోటీలు గుర్తు తెచ్చుకోండి. ఒక జత ఎద్దులు వస్తాయి, ఇచ్చిన టైములో బండని ఎంత దూరం లాగినాయో కొలుస్తారు, తర్వాత ఇంకో జత వస్తుంది. పోటీ భయంకరంగా ఉంటుంది, కానీ బరిలో ఎప్పుడూ ఒకే జత. పక్కజతకి దారి ఇవ్వాలా వద్దా అనే ప్రశ్నే రాదు. టైమ్ ట్రయల్ అంటే అదే. ఐరేసింగ్, అసెట్టో కోర్సా, గ్రాన్ టురిస్మో లాంటి వాటిలో ఆన్‌లైన్ రేసు అట్ల కాదు. ఇరవై మంది ఒకే బరిలో, ఒకే టైములో ఉంటారు. నీ ల్యాప్ టైమ్ ఎంత మంచిదైనా, పక్కవాడితో కలిసి మలుపు దాటడం రాకపోతే నీకు రేసింగ్ సగమే వచ్చినట్టు.

సరే, ఇప్పుడు అసలు విషయం. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఎక్కువ బాధ్యత వెనకున్నోడిది. ఎందుకంటే ముందున్నోడు నిన్ను చూడకపోవచ్చు, నువ్వు మాత్రం అతన్ని చూస్తూనే ఉంటావు. నియమాలు లీగ్‌కి లీగ్‌కి కొంచెం మారతాయి. ఎక్కువచోట్ల వాడే లెక్క ఇది: ముందున్నోడు మలుపులోకి స్టీరింగ్ తిప్పే సమయానికి నీ ముందు చక్రాలు కనీసం అతని డ్రైవర్ సీటు పక్కకి వచ్చి ఉండాల. వచ్చినావా, అతను నీకు చోటు ఇవ్వాల. రాలేదా, ఆ మలుపు అతనిది. నువ్వు బ్రేక్ వేసి వెనకే పో.

ఈ “స్టీరింగ్ తిప్పే సమయానికి” అనే మాట పట్టుకోండి. మలుపు మధ్యలో నువ్వు పక్కకి వచ్చినా లెక్కలోకి రాదు. అప్పటికే అతను దారి ఎంచుకున్నాడు. దూరం నుంచి బ్రేక్ ఆలస్యంగా వేసి, చక్రాలు లాక్ చేసుకొని, లోపలి వైపు దూసుకొని పోవడాన్ని డైవ్‌బాంబ్ అంటారు. నేను మోంజాలో చేసింది అదే.

రెండో లెక్క, మలుపు తర్వాత. నువ్వు లోపలి వైపు పోయి ముందుకి వచ్చినావు అనుకో. బయటికి వచ్చేటప్పుడు ట్రాక్ వెడల్పు మొత్తం నీదే అన్నట్టు వాడితే, బయటి వైపు ఉన్నోడు గడ్డిలోకి పోతాడు. అతను ఇంకా నీ పక్కన ఉన్నంతసేపు ఒక కారు పట్టేంత చోటు వదలాల. మలుపు దాటి ఇద్దరూ ట్రాక్ మీదే ఉంటేనే దాన్ని ఓవర్‌టేక్ అనాల. ఒకడు బయట పడితే దానికి వేరే పేరు ఉంది, గుద్దడం.

ఇది నిజం రేసుల్లో కూడా ఎట్ల జరుగుతుందో మన హైదరాబాద్‌లోనే చూసినాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది, ఇండియాలో అదే మొదటి ఫార్ములా ఈ రేసు. దాదాపు 2.8 కిలోమీటర్ల స్ట్రీట్ సర్క్యూట్, 18 మలుపులు. పోల్ పొజిషన్ జాగ్వార్ టీమ్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్‌ది. రేసు మధ్యలో మూడో మలుపు దగ్గర, అది హెయిర్‌పిన్, శ్రీశైలం ఘాట్‌లో చూస్తామే అట్లాంటి వెనక్కి తిరిగే మలుపు, అక్కడ సామ్ బర్డ్ లోపలి వైపు దూసుకొచ్చినాడు. కారు ఆగలేదు. పోయి ఎవాన్స్ కారుకి కొట్టింది. సామ్ బర్డ్ ఎవరు? అదే జాగ్వార్ టీమ్‌లో రెండో డ్రైవర్. సొంత టీమ్ కారు! రెండు జాగ్వార్లూ రేసు నుంచి అవుట్.

అదే రేసులో ఇంకో పక్క చూడండి. చివరి ల్యాపుల్లో జాన్ ఎరిక్ వెర్న్ ముందున్నాడు, వెనక నిక్ కాసిడీ. వెర్న్ బ్యాటరీలో కాసిడీ కంటే తక్కువ ఎనర్జీ మిగిలింది. అంటే వెనకున్నోడికి బలం ఎక్కువ. అయినా వెర్న్ తన లైన్ కాపాడుకుంటూ, దారులు మూస్తూ గెలిచినాడు. కాసిడీ రెండో స్థానం తెచ్చుకున్నాడు. కాసిడీ కూడా గట్టిగానే ప్రయత్నించినాడు, కానీ లేని సందులో దూరలేదు. దూరి ఉంటే ఇద్దరికీ సున్నా. రెండో స్థానం పాయింట్లు ఇంటికి తెచ్చుకోవడం కూడా రేసింగే.

ఇప్పుడు ముందున్నోడి సంగతి. అన్ని నియమాలూ వెనకున్నోడికేనా అన్నా అని అడుగుతారు. లేదప్పా, ముందున్నోడికీ ఉన్నాయి. అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్‌ఐఏ రూల్‌బుక్‌లోనే ఉంది: స్థానం కాపాడుకోవడానికి ఒక్కసారే పక్కకి జరగొచ్చు. కుడికి పోయి, మళ్లీ ఎడమకి, మళ్లీ కుడికి, పాములాగా తిరగకూడదు. ఒకసారి లోపలి వైపు కాపాడుకొని మళ్లీ మామూలు లైన్‌కి వస్తుంటే, మలుపుకి ముందు ట్రాక్ అంచు దగ్గర ఒక కారు వెడల్పు వదలాల. ఇంకోటి, వెనకున్నోడు పక్కకి తీసిన తర్వాత అతన్ని చూసి నువ్వు కూడా అటే తీయడం ప్రమాదం. కాపాడుకోవాలనుకుంటే అతని కంటే ముందే నిర్ణయం తీసుకో. నేరుగా పోయే దారిలో కారణం లేకుండా బ్రేక్ తొక్కి వెనకున్నోడిని భయపెట్టడం మాత్రం ఎక్కడా ఒప్పుకోరు.

ఇక్కడ నా పాత ఉద్యోగం పనికొచ్చే ముక్క ఒకటి చెప్తా. నీ స్క్రీన్ మీద కనిపించే పక్క కారు నిజంగా అక్కడ ఉండదు. అవును. అవతలివాడి కంప్యూటర్ నుంచి డేటా రావడానికి టైమ్ పడుతుంది. ఆ లోపల గేమ్ ఊరికే ఆగలేదు కాబట్టి, చివరిసారి తెలిసిన వేగం, దిశ చూసి “ఇప్పుడు ఇక్కడ ఉండొచ్చు” అని అంచనా వేసి బొమ్మ చూపిస్తుంది.

లెక్క వేద్దాం. గంటకి 180 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 50 మీటర్లు. డేటా చేరడానికి 100 మిల్లీసెకన్లు పడితే, ఆ సందులో కారు 5 మీటర్లు పోతుంది. ఒక జీటీ కారు పొడవు ఇంచుమించు నాలుగున్నర మీటర్లు. అంటే ఒక కారు పొడవు మొత్తం గేమ్ అంచనా మీద నడుస్తోంది. మన ఊర్లలో మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆడితే పింగ్ 200 కూడా దాటుతుంది, అప్పుడు 10 మీటర్లు. నేరుగా పోతున్నప్పుడు అంచనా సరిగ్గానే వస్తుంది. అవతలివాడు ఉన్నట్టుండి బ్రేక్ వేసినా, స్టీరింగ్ తిప్పినా, అంచనా తప్పుతుంది. ఓవర్‌టేక్ జరిగేది సరిగ్గా అక్కడే కదా! అందుకే నీ స్క్రీన్ మీద తగలకపోయినా అతని స్క్రీన్ మీద తగులుతుంది. “నేను ముట్టుకోలేదు” అని నువ్వు అంటావు, “గుద్దినావు” అని అతను అంటాడు, ఇద్దరూ నిజమే చెప్తుంటారు. దీనికి మందు ఒకటే: టీవీలో రేసర్లు వదిలే సందు కంటే నువ్వు ఇంకో అర కారు ఎక్కువ వదులు. నెట్ బాగాలేని రోజు కార్లకి దగ్గరగా పోవద్దు, వీలైతే రేసు మానుకొని ప్రాక్టీస్ చేసుకో.

మొదటి ల్యాప్ గురించి ప్రత్యేకంగా చెప్పాల. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి పోయే రోడ్డు చూసినారా? ముందున్న బండి కొంచెం బ్రేక్ ముట్టుకుంటే, దాని వెనకది ఇంకొంచెం గట్టిగా, ఆ వెనకది ఇంకా గట్టిగా, చివరన ఉన్న బండి పూర్తిగా ఆగిపోతుంది. మొదటి మలుపులో ఇరవై కార్లకి జరిగేదీ అదే. పైగా టైర్లు ఇంకా వేడెక్కవు, పట్టు తక్కువ. ముందు కారుకి అతుక్కొని పోతుంటే గాలి సరిగ్గా తగలదు, కారుని నేలకి నొక్కే బలం తగ్గుతుంది, బ్రేక్ దూరం పెరుగుతుంది. కాబట్టి ప్రాక్టీస్‌లో 100 మీటర్ల బోర్డు దగ్గర బ్రేక్ వేసేవాడివి, మొదటి ల్యాప్‌లో చాలా ముందే వేయాల. వెనక వరుసలో ఉంటే ఇంకా ముందు. మొదటి మలుపులో ఎవరూ రేసు గెలవరు, ఓడిపోయేవాళ్లు మాత్రం చాలామంది.

మిగిలిన మర్యాదలు చకచకా చెప్పేస్తా. ట్రాక్ బయటికి పోయినావా, తొందరపడి అడ్డంగా లోపలికి రావద్దు. బ్రేక్ పట్టుకో, వచ్చే కార్లన్నీ పోనీ, మ్యాప్ చూసుకొని, అంచు వెంబడి వేగం అందుకొని కలువు. నీలం జెండా చూపిస్తే, నీకంటే ఒక ల్యాప్ ముందున్నోడు వెనక నుంచి వస్తున్నాడని అర్థం. భయపడి మలుపు మధ్యలో పక్కకి దూకొద్దు. నీ లైన్‌లో నువ్వు పో, నేరుగా ఉన్న దారి వచ్చినప్పుడు పక్కకి జరిగి కొంచెం యాక్సిలరేటర్ వదులు. నీ తప్పు వల్ల ఎదుటివాడు వెనకబడితే, ఆగి అతని స్థానం అతనికి ఇచ్చేయి. చాలా లీగుల్లో అట్ల ఇచ్చేస్తే శిక్ష తగ్గిస్తారు కూడా. రేసు నడుస్తున్నప్పుడు వాయిస్ చాట్‌లో తిట్టొద్దు. రేసు అయిపోయినాక రీప్లే చూడు. ముందు అతని కారు లోపల నుంచి చూడు, ఆ తర్వాత నీ కారు.

గేమ్ కంపెనీలకి కూడా ఈ బాధ తెలుసు. 2008లో మొదలైన ఐరేసింగ్‌లో నీ వేగానికి ఒక రేటింగ్, సేఫ్టీకి ఇంకో రేటింగ్. ట్రాక్ బయటికి పోతే ఒక పాయింట్, వేరే కారుని గట్టిగా గుద్దితే నాలుగు. తప్పు ఎవరిదో అది చూడదు, ఇద్దరికీ వేస్తుంది. అన్యాయం అనిపిస్తుంది కదా? నాకూ అనిపించింది. కానీ ఆలోచిస్తే, “తప్పు నాది కాకపోయినా గుద్దుడు తప్పించుకోగలనా” అని మన చేత ఆలోచింపజేస్తుంది అది. 2017లో వచ్చిన గ్రాన్ టురిస్మో స్పోర్ట్‌లో ఆన్‌లైన్ రేసులోకి పోవాలంటే ముందు మర్యాద గురించిన వీడియోలు చూడాల్సి వచ్చేది. గెలుపుకి ఒక గ్రేడ్, ప్రవర్తనకి వేరే గ్రేడ్ పెట్టినారు.

చివరగా రోడ్డు గురించి. కామెంట్లలో ఎవరో ఒకరు అంటారు, “అన్నా, సిమ్ ఆడినాక బైక్ మీద ఓవర్‌టేక్ సూపర్‌గా వస్తోంది” అని. వద్దప్పా. సిమ్‌లో ఎదురుగా ఎవరూ రారు, అందరూ ఒకే దిక్కు. మన ఆదోని రోడ్డు మీద పత్తి ట్రాక్టర్ వెనక ఉన్నావనుకో, ఆ లోడ్ అవతల ఏముందో నీకు కనబడదు. బస్సు రావచ్చు, గొర్రెల మంద రావచ్చు. సిమ్ నుంచి రోడ్డు మీదికి తెచ్చుకోవాల్సింది ఒకటే అలవాటు: ముందున్నోడికి నేను కనబడుతున్నానా అని ప్రతిసారీ అడుక్కోవడం. అనుమానం ఉంటే వెనకే ఉండు. లోపలి వైపు దూరడం, చివరి క్షణంలో బ్రేక్ వేయడం, అవన్నీ స్క్రీన్ దగ్గరే వదిలేసి రా.

ఇంక ఆ తమ్ముడి సంగతి. మొన్న అతనికి మెసేజ్ పెట్టినా. “రీప్లే చూసినా. నీ సీట్లో నుంచే చూసినా. తప్పు నాదే. లీగ్‌లో నీ నంబర్ ఎవరికీ ఇవ్వలేదు” అని. రెండు టిక్కులూ నీలం అయినాయి. జవాబు రాలేదు. రాకపోవడంలో తప్పేం లేదు. నేను రీప్లే చూడటానికి నాలుగు నెలలు తీసుకున్నా, అతన్ని నాలుగు రోజుల్లో మర్చిపొమ్మని ఎట్ల అడుగుతా?

మీకు ఒక పని చెప్తా, ఈ వారం చేయండి. మీరు గుద్దుకున్న చివరి రేసు రీప్లే తెరిచి, అవతలి కారు లోపల కూర్చోండి. మీరు అతనికి ఎప్పుడు కనబడినారో చూసి కింద కామెంట్‌లో రాయండి. తప్పు మీదైతే అది కూడా రాయండి, ఇక్కడ ఎవరూ నవ్వరు. నవ్వితే ఈసారి నేను డిలీట్ చేస్తా.

వచ్చే ఎపిసోడ్‌లో తక్కువ ఖర్చులో స్టీరింగ్, పెడల్స్ ఎట్ల సెటప్ చేసుకోవాలో చూద్దాం. అంతవరకు జాగ్రత్త. ఉంటా మరి.